గతుకుల బాటలో కారు కంపము: నిదానము, చికిత్స
(నిమ్‌పురా తెలుగువారి సభలో చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సభలలో ప్రబంధములను గూర్చియో, పదములను గూర్చియో ప్రసంగించుట వాడుక. మోటారుకారు గతుకుపై పడినపుడు ఏల వణకును, ఆ వణుకు మాన్పుట ఎట్లు అను విషయమును సంస్కృతి పద్దున ఎట్లు జమకట్టుదురని కొందరు నవ్వవచ్చును. కాని ఈ సభ జరుగుచున్నది నిమ్‌పురాలో. బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గము వాల్తేరు వరకు సాగియుండుటచే, ఆ రైలుపట్టాల వెంబడి శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి మనవారు ఖరగపురమునకు వచ్చిరి. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గార్డులుగా, గుమాస్తాలుగా స్థిరపడిరి. 1955 ఆగష్టు 1వ తేదీన ఆగ్నేయ రైల్వే ఏర్పడునాటికే ఇచ్చటి కారఖానాలో తెలుగు మాట తరముల నాటిది. అట్టి యింటి పిల్లలకు స్ప్రింగు, బోగీ, డాంపరు అను మాటలు ఆవకాయ, గోంగూర అను మాటలంత దగ్గరివి.

ఇట్టి యిండ్ల ముంగిట నేడు కార్లు నిలిచియున్నవి. రైలుపెట్టె ఊగినచో కారణమేమో ఇట్టే చెప్పగల పెద్దవారు సైతము తమ యింటి కారు ఎగిరిపడినచో మెకానిక్కు చెప్పినదానికెల్ల తలయూపి రూపాయలు లెక్కించి యిచ్చుచున్నారు. ఇది చిత్రము. రెండింటి శాస్త్రమును ఒక్కటే కదా! రైలుపెట్టెను ఎరిగినవాడు కారును ఎరుగకపోవుటకు హేతువు లేదు.

మొదట స్ప్రింగు సంగతి. స్ప్రింగు ఎంత బరువునకు ఎంత కుంగునో ఆ నియమమును ఇంగ్లండులో రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. బరువు రెట్టింపైన కుంగు రెట్టింపు. ఇది అందరకును తెలిసినదే. అంతగా తెలియనిది మరియొకటి కలదు. స్ప్రింగు తనకిచ్చినదానిని ఉంచుకొనదు. గతుకు కొట్టిన దెబ్బను లోనికి తీసికొని, మరుక్షణమే తిరిగి యిచ్చివేయును. అప్పు తీసికొని వెంటనే తీర్చు పెద్దమనిషి వంటిది. ఐతే ఆ తీర్చుట వలననే బండి పైకి లేచును, లేచినది మరల పడును, పడినది మరల లేచును. స్ప్రింగు ఒక్కటే యున్నచో ఒక్క గతుకునకు బండి పదిమార్లు ఊగును. ఆ శక్తిని ఎవరో ఒకరు ఖర్చు చేయవలెను. ఆ ఖర్చు చేయువాడే డాంపరు. కార్లలో దానినే షాక్ అబ్జార్బరు అందురు. పేరునుబట్టి అది దెబ్బను మ్రింగునని అందరును తలతురు. నిజమునకు దెబ్బను తీసికొనునది స్ప్రింగు. ఊపును అణచునది షాక్ అబ్జార్బరు. ఈ పేరులోని పొరపాటు వలన జరుగు నష్టము తక్కువది కాదు.

అది పనిచేయు తీరు తెలియగోరు సోదరీమణులు కవ్వమును తలచుకొనిన చాలును. మజ్జిగలో కవ్వమును మెల్లగా త్రిప్పిన తేలికగా తిరుగును. వేగముగా త్రిప్పబోయిన చేయి పట్టివేయును. షాక్ అబ్జార్బరు గొట్టములో ముషలకమొకటి నూనెలో పైకిని క్రిందికిని పోవుచుండును. నూనె చిన్న రంధ్రముల గుండ దూరవలెను. మెల్లని కదలికను అది అడ్డగింపదు, వేగమైన కదలికను పట్టి ఆపును. ఆపిన శక్తి యెచ్చటికి పోవును? వేడియై గాలిలో కలియును. ఈ వేడి మాట జ్ఞాపకముంచుకొనవలెను. రోగనిదానమునందు దీనితో గొప్ప ప్రయోజనము కలదు.

మన కారఖానాలో దశాబ్దములుగా మరమ్మతు జరుగుచు వచ్చిన ఐ.సి.ఎఫ్. పెట్టెలోను ఈ ఏర్పాటే యుండును. పెరంబూరు కర్మాగారము 1955లో స్విస్ నమూనాపై ప్రారంభమైనది. ఆ నమూనా పెట్టెల నిర్మాణము 2018లో నిలిచిపోయి, జర్మనీ నుండి వచ్చిన ఎల్.హెచ్.బి. నమూనా దాని స్థానమును గైకొన్నది. ఐ.సి.ఎఫ్. బోగీలో ఇరుసుపెట్టె మీద చుట్టల స్ప్రింగులు, వాని నడుమ నూనెలో మునిగియుండు డాష్‌పాట్లు. పై అంతస్తున బోల్స్టరు క్రింద మరల స్ప్రింగులు, ప్రక్కన హైడ్రాలిక్ డాంపర్లు. డాష్‌పాట్‌లో నూనె కారిపోయినచో స్ప్రింగు ఎంత చక్కనిదైనను పెట్టె గంతులు వేయును. గూడ్సు వాగనులకు ఇంత సుకుమారము లేదు. కాస్నబ్ బోగీలో నూనెకు బదులు ఇనుప వెడ్జీలు పలకల కొరసి ఊపును అణచును. ఆ వెడ్జీలు అరిగినచో ఖాళీ వాగను యార్డులో మెల్లగా నడచునపుడు బుద్ధిమంతునివలె కనబడి, మెయిన్ లైనులో వేగము పుంజుకొనగనే ఊగులాడును. చక్రము మీది బరువు క్షణకాలము తేలికయైనను పట్టా దిగు ప్రమాదము కలదు. నిమ్‌పురా యార్డులో బండ్లను పరీక్షించిన టి.ఎక్స్.ఆర్. సిబ్బందికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చట కొంచెము లెక్క వేయవలెను. పిల్లలు భయపడవలదు, వర్గమూలము తెలిసిన చాలును. బండి బరువు పైన నిలిచినపుడు స్ప్రింగు ఎన్ని సెంటీమీటర్లు కుంగునో చూచి, ఆ సంఖ్య వర్గమూలముతో 5ను భాగించిన, ఆ బండి సెకనుకు ఎన్నిమార్లు ఊగునో రమారమిగా తెలియును. 25 సెంటీమీటర్లు కుంగినచో సెకనుకు ఒక మారు. 16 కుంగినచో ఒకటింబాతిక. 4 మాత్రమే కుంగినచో రెండున్నర. మనుష్యుడు నడచునపుడు వేయు అడుగులు ఇంచుమించు సెకనుకు ఒకటిన్నర, రెండు. ఆ మెల్లని ఊపు శరీరమునకు పరిచితము. సెకనుకు నాలుగు నుండి ఎనిమిది మార్లు ఊగు కంపము పొట్టను, వెన్నును బాధించును. అందువలననే మెత్తని స్ప్రింగు సుఖము, గట్టి స్ప్రింగు దుఃఖము.

పూర్వము 13 మీటర్ల పట్టాలు కీళ్ళతో బిగించియుండెడి దినములలో గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ కీళ్ళను సెకనుకు ఇంచుమించు ఒకటింబాతిక మార్లు దాటెడిది. స్ప్రింగు 16 సెంటీమీటర్లు కుంగు పెట్టెకు అదియే స్వంత ఊపు. ఉయ్యాలను సమయము చూచి తోసిన ఎట్లు పెరుగునో అట్లే ప్రతి కీలు దాని ఊపును పెంచును; డాంపరు లేనిచో అంతులేదు. పొడవుగా వెల్డింగు చేసిన పట్టాలు వచ్చిన పిమ్మట ఈ బాధ చాలవరకు తగ్గినది. కారునకు మాత్రము రోడ్డుమీది కీళ్ళు తగ్గలేదు. మేదినీపురపు ఎర్రని లాటరైటు నేలలో మొరము బాటపై వానకాలము గడచిన పిమ్మట ఏర్పడు వరుసగతుకులు, అనగా బట్టలుతుకు పలకవంటి గాట్లు, మూడు వంతుల మీటరు ఎడముగ నున్నవనుకొనుడు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు కారు వానిని సెకనుకు 13 మార్లు దాటును. కారులో పైని శరీరము ఊగు వేగము వేరు; టైరునకును స్ప్రింగునకును నడుమ చిక్కిన చక్రము, ఇరుసు తమంత తాము ఎగురు వేగము వేరు. ఈ రెండవది సెకనుకు 10 మొదలు 15 వరకు ఉండును. 36 కిలోమీటర్ల వద్ద చక్రము రోడ్డును వదలి చిందులు త్రొక్కుటకు కారణమిదియే. గాలిలోనున్న చక్రమునకు బ్రేకు పట్టదు, స్టీరింగు తిరిగినను బండి తిరుగదు. ఇది సుఖదుఃఖముల ప్రశ్న మాత్రమే కాదని ఇందువలన తెలియుచున్నది.

ఇక నిదానము. ఒక దృష్టాంతమును ఊహింపుడు. కారఖానాలో బోగీ షాపునందు చిరకాలము పనిచేసి విశ్రాంతి పొందిన ఫిట్టరు గారొకరు నిమ్‌పురాలో నున్నారు. వారి అల్లుడు కలకత్తాలో కేంద్రప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి. ఆయనకు పాత అంబాసిడరు కారు కలదు. హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో 1950ల చివర నుండి 2014 వరకు తయారై, సర్కారు కచేరీల ముంగిట తెల్లగా బారులు తీరిన బండి యది. నిర్మాణము నిలిచినను మమకారము వలన కొందరు వదలలేకున్నారు. మేనకోడలి పెండ్లికి శ్రీకాకుళమునకు, ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారిని, భార్యాబిడ్డలతో కారులోనే పోవలెనని సంకల్పము. ఐతే ఖరగపురము చేరునప్పటికే వెనుకభాగము గతుకుగతుకునకును ఎగిరిపడి పిల్లలు వాంతులు చేసికొనిరి.

“దారిలో మెకానిక్కునకు చూపితిని, మామగారూ. వెనుక కమాన్ కట్ట మెత్తబడినదట. అదనముగా ఒక పట్టీ వేయించిన సరిపోవునన్నాడు” అని అల్లుడు చెప్పెను.

“పట్టీ సంగతి తరువాత, బాబూ. ఎప్పుడు వణకుచున్నదో ముందు చెప్పండి” అని మామగారు.

ఈ ప్రశ్నయే వైద్యమునకు మొదలు. నున్నని రోడ్డుపై, ఒక నిర్ణీతమైన వేగమున మాత్రమే స్టీరింగు వణకినచో అది స్ప్రింగుల దోషము కాదు, చక్రముల తూకము తప్పినదని తెలియవలెను. చక్రము చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగమున అది సెకనుకు 10 మార్లు తిరుగును. తూకము తప్పిన బరువు పదిమార్లు కొట్టును. బ్రేకు నొక్కినపుడే వణకినచో డ్రమ్ము లేక డిస్కు వంక. బండి నిలిచియుండగా ఇంజను తిరిగినంతనే వణకినచో ఇంజను క్రింది రబ్బరు దిమ్మెలు. గతుకు దాటిన పిమ్మట మాత్రమే వణకినచో అప్పుడు స్ప్రింగుల కుటుంబమును విచారింపవలెను. అందును మూడు జాతులు: బండి మొత్తము పడవవలె మెల్లగా ఊగుట, చక్రము క్రింద దడదడలాడుట, ఒక్క “టక్” మను చప్పుడు. మొదటి రెండును షాక్ అబ్జార్బరును అనుమానింపవలసినవి. మూడవది వదులైన కీలును సూచించును.

అల్లుడు చెప్పినది పడవ ఊపు, దానితోపాటు ఎడమవైపున ఒక టక్కు. మామగారు మొదట టైర్లలో గాలి చూపించిరి. గాలి ఎక్కువైన టైరు బండరాయివలె ఎగురును. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షను చేయక వేల రూపాయల సామాను మార్పించినవారు కలరు. గాలి సరిగానే యున్నది. పిమ్మట కారు నాలుగు మూలలను ఒక్కొక్కటిగా బలముగా క్రిందికి నొక్కి వదలిరి. మూడు మూలలు లేచి ఒక్కసారి సర్దుకొని నిలిచినవి. వెనుక ఎడమ మూల లేచి, పడి, మరల లేచెను. పాత బండ్లకు ఈ పరీక్ష మంచిదే. క్రొత్త కార్లలో కీళ్ళ బిగువు వలననే మూల వెంటనే నిలిచి, చచ్చిన డాంపరు కూడ బ్రతికియున్నట్లు తోచవచ్చును. కావున దీనినొక్క దానినే నమ్మరాదు.

అప్పుడు వారు అల్లుని కారు నడుపుమని, ఎగుడుదిగుడు బాటపై పావుగంట సేపు త్రిప్పించి, ఇంటికి తిరిగి రాగానే క్రింద కూర్చుండి రెండు వెనుక షాక్ అబ్జార్బర్లను చేతి వెనుకభాగముతో తాకి చూచిరి. ప్రక్కన సైలెన్సరు గొట్టముండును గనుక తాకునప్పుడు జాగ్రత్త అవసరము. కుడివైపుది వెచ్చగా నున్నది. ఎడమది చల్లగా నున్నది.

“చూచారా? ఇది పనిచేసి యలసినది, అది నిద్రపోయినది” అని వారు నవ్విరి.

రైల్వేలో బండి ఆగగానే ఇరుసుపెట్టెను చేతితో తాకి చూచుట పాత ఆచారము. అచ్చట వేడి యున్న రోగము. బేరింగు కాలుచున్నదని అర్థము. డాంపరు విషయమున తలక్రిందులు: వేడి ఆరోగ్యము, చలువ మరణము. ఊపును వేడిగా మార్చుటయే దాని యుద్యోగము కనుక, చల్లగా నున్నదనగా ఉద్యోగము మానినదన్నమాట. తుడిచి చూడగా ఎడమ గొట్టము మీద నూనె చెమర్చి, దానిపై ఎర్రని దుమ్ము పేరుకొని యున్నది.

ఇంక టక్కు మిగిలినది. కారును జాకీతో లేపి, ఇనుప స్టాండులపై నిలిపి, ముందు చక్రములకు అడ్డుకట్టెలు పెట్టిన పిమ్మటనే వారు క్రిందికి దూరిరి. జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరువానికి ధైర్యమున్నదనరాదు, వివేకము లేదనవలెను. పొడవాటి గడ్డపారతో కమాన్ కట్ట కొనల వద్ద షాకిలు పిన్నును, రబ్బరు బుష్షులను మెల్లగా కదలించి చూచిరి. బుష్షులు పగిలి, ఇనుము ఇనుమును తాకుచున్నది. అంతకన్న ముఖ్యముగా, కట్టను ఇరుసునకు బిగించు యు-బోల్టులలో ఒకటి వదులు. ఇది చిన్న దోషము కాదు. యు-బోల్టు వదులైన కట్ట జరుగబోవును. దానిని ఆపుచున్నది నడిమి బోల్టు ఒక్కటే. అది తెగినచో ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జారి, బండి రోడ్డుపై అడ్డముగా నడచును. నిండు కుటుంబముతో జాతీయ రహదారిపై, లారీల నడుమ, అట్టి క్షణము వచ్చియుండెడిది. పట్టీలలో పగులు కలదేమోనని ఒక్కొక్క పట్టీని తుడిచి, సుత్తితో తాకి విని చూచిరి. పగులు లేదు. అనగా మెత్తబడినదని మెకానిక్కు నిందించిన కట్ట నిర్దోషి.

అదనపు పట్టీ వేయించియుండిన నేమగునో లెక్కప్రకారము చూతము. స్ప్రింగు 16 సెంటీమీటర్ల నుండి 9కి మాత్రమే కుంగినదనుకొనుడు. ఊపు సెకనుకు ఒకటింబాతిక నుండి ఒకటి ముప్పాతిక సమీపమునకు పెరుగును. దెబ్బ పదునెక్కును, గట్టిపడిన స్ప్రింగు మరింత బలముగా వెనుకకు తన్నును, ఆ తన్నును పట్టవలసిన షాక్ అబ్జార్బరు చచ్చియే యున్నది. రెండు దినములు బండి ఎత్తుగా నిలిచి బాగైనట్లు కనబడి, మూడవ దినమున మొదటికన్న హీనమగును. వదులైన యు-బోల్టు సంగతి ఎవరికిని తెలియదు. చుట్టల స్ప్రింగుల నడుమ రబ్బరు ముద్దలు దూర్చు నేటి అలవాటునకును ఇదే గతి. సరుకు లారీకి పట్టీ చేర్చుటలో అర్థము కలదు. పిల్లలు కూర్చుండు కారునకు లేదు.

చికిత్స అరపూట పని. షాక్ అబ్జార్బర్లు ఎప్పుడును ఒకే ఇరుసునకు జంటగా మార్పవలెను. ఒకటి క్రొత్తది, ఒకటి పాతదియైనచో మలుపులలోను, బ్రేకు వేయునపుడును బండి ఒక ప్రక్కకు లాగును. కుడిది వెచ్చగానే యున్నది కదా, దానినేల పారవేయవలెనని అల్లుడు అడిగెను. జోడెడ్లలో ఒకటి ముసలిదైన కాడి యెట్లు వంకరపోవునో మామగారు చెప్పిరి. యు-బోల్టులను నాలుగింటిని మార్చి, ఎదురుమూలల వరుసలో కొంచెము కొంచెముగా బిగించిరి.

ఇచ్చట అనుభవజ్ఞులైన మెకానిక్కులు సైతము తప్పు చేయు చోటు ఒకటి కలదు. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగా రబ్బరు బుష్షుల బోల్టులను పూర్తిగా బిగింపరాదు. అట్లు బిగించినచో బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి, ఎల్లప్పుడు ఆ మెలికలోనే యుండి, కొలది నెలలలో చిరిగిపోవును. వదులుగా తొడిగి, బండిని చక్రములపై నిలిపి, దాని బరువు దానిపై పడిన పిమ్మట తుదిబిగువు బిగింపవలెను. క్రొత్త బుష్షు త్వరగా పోయినదని అంగడివానిని తిట్టువారిలో కొందరైనను ఈ సంగతి విచారింపవలెను.

క్రొత్త కార్లు గలవారికి రెండు మాటలు. 1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని మన దేశపు చిన్నకార్లలో ముందు చక్రములకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ అను ఏర్పాటు వాడుకలోనికి వచ్చినది. స్ప్రింగును షాక్ అబ్జార్బరును ఒక్క స్తంభముగా కూర్చిన ఏర్పాటు అది. చిన్నచిన్న గతుకులపై ముందు నుండి టకటక వినబడినచో ముందుగా చూడవలసినది స్టెబిలైజరు లింకుల కీళ్ళు. వాని వెల స్వల్పము, మార్చుట సులభము. ఆ తరువాత స్తంభము తలమీది రబ్బరు దిమ్మె, క్రింది బాల్ జాయింటు. స్తంభము తలమీది నట్టును మాత్రము ఇంటివద్ద విప్పరాదు. ఆ స్ప్రింగు బలవంతముగా అణగియుండును. బిగించి పట్టు సాధనము లేక విప్పినచో ఎగిరి ప్రాణము తీయగలదు. పని ముగిసిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపించుట తప్పనిసరి. లేనిచో టైర్లు ఒకవైపు అరిగి, క్రొత్త కంపమునకు నాంది యగును.

దృష్టాంతములోని కారు సంగతి ముగింపవలసియున్నది. మరునాటి ఉదయము మామగారు, అల్లుడు అదే బాటపై, అంతే వేగముతో, అంతమంది యెక్కి తిరిగి చూచిరి. బాట మారినను, వేగము మారినను, బరువు మారినను ముందునకును వెనుకకును గల తేడా తెలియదు కనుక మామగారు పిల్లలను కూడ నిద్ర లేపి యెక్కించిరి. పడవ ఊపు పోయినది. పిల్లలు నిదురపోయిరి. ఐనను టక్కు మాత్రము మిగిలియే యున్నది, కొంచెము సన్నగా. అల్లుని ముఖము వాడినది. ఇన్ని మార్చియు ఫలము లేదాయెనని ఆయన భావము. మామగారు కారాపించి, వెనుక డిక్కీ తెరచి, చక్కగా వెదకి, స్పేర్ చక్రము ప్రక్కన వదులుగా పడియున్న జాకీని పైకి తీసిరి. ముందటి దినము వాడి, కట్టక పడవేసినది. దానిని పాత గోనెపట్టాలో చుట్టి త్రాటితో బిగించిరి. నాలుగు వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట యు-బోల్టుల నట్లను మరియొకసారి బిగింపుడని, అందుకు తగిన స్పానరును అదే గోనెలో నుంచి, పెండ్లివారికిమ్మని తమలపాకుల కట్టను ముందు సీటు మీద పెట్టిరి.